బల్ల దగ్గర ముగ్గురే మిగిలినప్పుడు

తొమ్మిదిమంది కూర్చున్న బల్ల దగ్గర గెలిపించే ఆట ముగ్గురే కూర్చున్నప్పుడు ముంచుతుంది. ఈ ఒక్క సంగతి నేను అన్నకు చెప్పలేదు. మరచిపోయి కాదు, తెలియక అసలే కాదు. చెప్తే నాకు నష్టమని చెప్పలేదు. పైగా అతను నోరు తెరిచి అడిగినప్పుడు ఇంకో మాట చెప్పాను.

మా స్నేహితుల్లో ఈ కథ వేరే రకంగా తిరుగుతోంది. గిరావీన్ ఇంట్లో గది కోసం పేకాట, అన్న దురదృష్టం, నా అదృష్టం. ఎన్నో పుట్టినరోజుల్లో, పెరట్లో మాంసం కాల్చుకు తినే ఎన్నో బార్బీల దగ్గర దాన్ని అభినయించి మరీ నవ్వించింది నేనే. అది తప్పుడు కథ. అసలు జరిగింది ఇది.

అప్పుడు నేను సిడ్నీలో మాస్టర్స్ చదువుతున్నాను. గిరావీన్‌లో, టూంగాబీ స్టేషన్‌కి నడిచి వెళ్ళగలిగే దూరంలో, సిమెంటు రేకుల గోడలున్న ఒక పాత ఫైబ్రో ఇల్లు నలుగురం అద్దెకు తీసుకున్నాం. అన్నది చీరాల దగ్గర ఊరు. మాకంటే రెండేళ్ళు పెద్ద, అందుకని ముగ్గురికీ అన్నే. ఇంకొకడు కరీంనగర్ కుర్రాడు, వయసులో అందరికంటే చిన్న, నోరు మాత్రం పెద్దది. నాలుగో అతనిది నెల్లూరు. మధ్యలోనే ఉద్యోగం దొరికి బ్రిస్బేన్ వెళ్ళిపోయాడు కాబట్టి ఈ కథలో అతని వంతు ఖాళీ చేసిన గది వరకే. నాది కాకినాడ.

ఆదివారం కోడికూర తిన్నాక పోకర్ ఆడేవాళ్ళం. పబ్బుల్లో మెషీన్ల ముందు కూర్చుని మీటలు నొక్కే పోకీలు కాదు, మనుషులు ఎదురెదురుగా కూర్చుని ఆడే పేకాట. యూనిలో కార్డ్స్ క్లబ్బులో నేర్చుకుని నేనే ఇంటికి పట్టుకొచ్చాను. కౌన్సిల్ చెత్త బండి ఎత్తుకెళ్ళడానికి ఎవరో వీధిలో పెట్టిన డైనింగ్ బల్లను మోసుకొచ్చి హాల్లో వేశాం. అన్న మొదటి రోజే షరతు పెట్టాడు.

"డబ్బులు పెడితే నేను రాను తమ్ముడూ. ఇంట్లో పేక కనపడితేనే మా అమ్మ అన్నం మానేసుద్ది. డబ్బులు పెట్టి ఆడానని తెలిస్తే నన్నే మానేసుద్ది."

"మరేం పెట్టి ఆడాలె అన్నా? ప్రార్థనలా?" అన్నాడు కరీంనగర్ కుర్రాడు.

చివరికి పనులు పెట్టి ఆడాం. అందరికంటే తక్కువ మిగిలినవాడు ఆ వారం బాత్రూమ్ కడగాలి, అంట్లు తోమాలి. లెక్కకు రాజ్మా గింజలు. ఆ గింజల్ని వండకూడదని రూలు. ఒక వారం కరీంనగర్ కుర్రాడు వాటిని నానబెట్టేసి, "నేను గెలిచినయి నేను తింటున్న, మీకేమాయె?" అన్నాడు.

తెలియనివాళ్ళ కోసం ఆట చెప్తాను. ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు మూసి పంచుతారు. బల్ల మధ్యలో అయిదు ముక్కలు తెరుస్తారు, ముందు మూడు, తర్వాత ఒకటి, చివర ఇంకొకటి. నీ రెండూ, మధ్యలోని అయిదూ కలిపి ఎవరిది మంచి కూర్పో వాళ్ళదే కుప్ప. పంచగానే ఒకసారి, తెరిచినప్పుడల్లా ఒకసారి, మొత్తం నాలుగు విడతల పందెం. ఇప్పటి కుర్రాళ్ళు ముందున్నదంతా ఒక్కసారి తోసేసే ఆట ఆడతారు. మాది లిమిట్, అంటే పందెం ఎంతో ముందే ఖాయం. మొదటి రెండు విడతల్లో రెండేసి గింజలు, తర్వాతి రెండింటిలో నాలుగేసి. పెంచినా అంతే పెంచాలి. ఇవి కాక ప్రతి ఆటకీ ఇద్దరు ముక్కలు చూడకముందే గింజలు వెయ్యాలి, ఒకరు ఒకటి, పక్కవారు రెండు. అది బ్లైండ్. ఆ వంతు బల్ల చుట్టూ తిరుగుతుంది.

మొదట్లో వీధిలోని తెలుగు కుర్రాళ్ళంతా వచ్చేవారు. బల్ల నిండిపోయేది. బల్ల నిండా మనుషులున్నప్పుడు ఓపికే ఆట. అంతమందిలో ఎవరో ఒకరికి మంచి ముక్కలు పడే ఉంటాయి. బ్లైండ్ వంతు నిదానంగా వస్తుంది, ఊరికే కూర్చుని చూసినా పెద్దగా పోయేది లేదు. అందుకని అన్నకు ఇలా నేర్పాను: "పెద్ద జత గానీ, ఆసూ రాజూ గానీ పడితేనే ఆడు. మిగతావన్నీ పారెయ్."

అన్నకు అది వెంటనే ఎక్కింది. హాస్టల్ రమ్మీలో అతను నేర్చుకున్నదీ అదే కదా. రమ్మీలో చెత్త చెయ్యి పడితే మొదట్లోనే డ్రాప్ చెప్పి కొద్ది కౌంటుతో బయటపడతాం. మొండికేసి ఆడి ఓడితే ఫుల్ కౌంట్ నెత్తిన పడుతుంది. సమయానికి డ్రాప్ చెప్పేవాడికి రమ్మీ బల్ల దగ్గర గౌరవం. ఇంకో అలవాటు కూడా మనవాళ్ళదే. డ్రాప్ చెప్పినవాడు ముక్కలు వెల్లకిలా పరిచి చూపిస్తాడు, "చూడండయ్యా, దీంతో ఏం ఆడను?" అని. పెళ్ళి విడిదిలో పక్కనున్న బాబాయి తొంగి చూసి, "అబ్బే, ఒక్క జోకరు కూడా లేదే పాపం" అంటాడు. ఆ ఓదార్పు కోసమే చూపించడం. పోకర్లో పారేసిన ముక్కల్ని ఎవరూ చూపించరు. అన్న ప్రతిసారీ చూపించేవాడు. నిండు బల్ల దగ్గర దానివల్ల వచ్చిన నష్టం తక్కువే. నిజానికి ఆ నెలల్లో అతనికంటే ఎక్కువ వారాలు నేనే అంట్లు తోమాను.

చలికాలం సెమిస్టర్ మొదలయ్యాక బల్ల పలచబడింది. ఒకరికి ఆదివారం షిఫ్టు, ఒకరికి గర్ల్‌ఫ్రెండ్, ఒకరికి భక్తి. చివరికి మా ఇంటివాళ్ళమే మిగిలాం. నెల్లూరు అతను వెళ్ళిపోయాక ముగ్గురం.

ముగ్గురే ఉన్నప్పుడు ఆట తలకిందులవుతుంది. ప్రతి మూడు ఆటల్లో రెండుసార్లు బ్లైండ్ నీదే. మంచి ముక్కల కోసం ఓపిక పట్టి కూర్చుంటే ఆ ఓపికే నీ గింజల్ని తినేస్తుంది. ఎదుట ఉన్నది ఇద్దరే కాబట్టి వాళ్ళ దగ్గర ఏమీ లేకపోవడమే మామూలు. మధ్యలో మూడు తెరిచినా చాలాసార్లు ఎవరికీ జత కలవదు. అంచేత చేతిలో ఒక్క ఆసు, ఒక చిన్న జత ఉన్నా అది పెద్ద చెయ్యే. ఆడదలుచుకుంటే నువ్వే ముందు పెంచాలి, సరిపెడుతూ వెనక నడవకూడదు. పెంచినవాడికి గెలవడానికి రెండు దారులు, తన ముక్క కలవడం, ఎదుటివాడు పారెయ్యడం. సరిపెట్టేవాడికి ఒకటే. నువ్వు బ్లైండ్‌లో ఉండగా ఎవరైనా పెంచితే బెదిరి వదలకూడదు, నీ గింజలు అప్పటికే మధ్యలో ఉన్నాయి. పంచే చోటు బంగారం. ముక్కలు తెరిచాక అక్కడున్నవాడు అందరి మాటా విని చివర మాట్లాడతాడు కాబట్టి అక్కడ సగానికి పైగా చేతులు ఆడాలి.

అన్నిటికంటే ముఖ్యం చివరి పందెం. లిమిట్‌లో అప్పటికి మధ్యలో కుప్ప పెరిగి ఉంటుంది, నిన్ను అడిగేది మాత్రం నాలుగు గింజలే. చేతిలో ఒక మాదిరి జత ఉన్నా ఆ నాలుగూ వేసి చూడాల్సిందే. చాలాసార్లు ఓడిపోతావు. ఓడిపోవాలి కూడా. చూసిన ప్రతిసారీ గెలుస్తున్నావంటే చూడాల్సినన్నిసార్లు చూడట్లేదన్నమాట.

ఇదంతా నాకు అప్పుడే తెలుసు. క్లబ్బులో మిగతావాళ్ళు లెక్చర్లకు లేచిపోయాక ముగ్గురం మిగిలి ఆడిన మధ్యాహ్నాలు నేర్పాయి. కరీంనగర్ కుర్రాడికి ఇవేవీ తెలియవు గానీ వాడు ఊరికే కూర్చోలేడు, ప్రతిదానికీ పెంచేవాడు. ముగ్గురి బల్లకు వాడి గుణమే సరిపోయింది. అన్న మాత్రం నేను నేర్పినట్టే మర్యాదగా డ్రాప్ చెప్తూ, ముక్కలు చూపిస్తూ, వారం వారం బాత్రూమ్ కడుగుతూ ఉన్నాడు. అతను ఏది పారేస్తాడో, దేనికి భయపడతాడో నాకు కంఠతా వచ్చేసింది.

అప్పుడు గది సంగతి వచ్చింది. ఇంటి వెనక నెల్లూరు అతని గది, చిన్నదే గానీ తలుపుంది, బల్ల ఉంది, ఎండ వచ్చే కిటికీ ఉంది. సెమిస్టర్ అయ్యేదాకా కొత్త మనిషిని తీసుకోవద్దనుకున్నాం. అన్న కరీంనగర్ కుర్రాడితో ఒకే గదిలో ఉండేవాడు. నేను హాల్లో పరుపు వేసుకునేవాణ్ణి. అన్న తెల్లవారుజామున బేకరీలో పని చేసి వచ్చి, పగలు చదువుకోవాలి. ఆ కుర్రాడేమో ఫోన్ కార్డు అయిపోయేదాకా ఇంటికి అరిచి మాట్లాడేవాడు. అన్నకు ఒక సబ్జెక్టు ముందే తప్పింది. ఈసారీ తప్పితే యూనివాళ్ళు కోర్సులో ఎందుకు ఉంచాలో చెప్పుకోమంటారు. వీసా కూడా దానికే ముడిపడి ఉంది.

శనివారం టీ తాగుతూ అడిగాడు. "తమ్ముడూ, ఆ గది నాకిస్తే బాగుండుద్ది. పరీక్ష అయ్యేదాకా చాలు."

"అన్నా, మన ఇంట్ల ఏదైనా బల్ల మీదనే గదా! ఆడి తీసుకో," అన్నాడు కరీంనగర్ కుర్రాడు. వాడికి అది నవ్వులాట. వాడికి ఆ గది అక్కర్లేదు కూడా.

అన్న నా వైపు చూశాడు. ఇచ్చేద్దాం అని నేనంటే అక్కడితో అయిపోయేది. హాల్లో పరుపు మీద పడుకుని నాకూ విసుగొచ్చింది. ఆ కిటికీ మీద నాకూ కన్నుంది. "ఆడటమే న్యాయం కదన్నా," అన్నాను.

ఆ సాయంత్రం అన్న టబ్ కడుగుతున్నాడు. నేను బ్రష్ కోసం వెళ్ళాను. మోకాళ్ళ మీద కూర్చునే తల తిప్పి అడిగాడు.

"ఏంది తమ్ముడూ, ఈ మధ్య ఒక్కటి కూడా గెలవట్లా. నా ఆటలో ఏమన్నా మార్చాలా?"

"లేదన్నా. నీ ఆట బాగానే ఉంది. ముక్క పడట్లేదంతే."

"అంతేనంటావా?"

"అంతే."

"సరేలే. రేపు పడుద్ది," అని మళ్ళీ టబ్ రుద్దుకున్నాడు. నన్ను నమ్మాడు.

ఆదివారం కరీంనగర్ కుర్రాడు తొందరగానే గింజలన్నీ పోగొట్టుకుని, పక్కన కుర్చీ వేసుకుని వ్యాఖ్యానం మొదలుపెట్టాడు. ఇద్దరం మిగిలాం. ఇద్దరి ఆట ముగ్గురి ఆటకంటే ఇంకా దూకుడుగా ఆడాలి. పంచే వంతు నాది వచ్చినప్పుడల్లా దాదాపు ఏ ముక్కలైనా పెంచాను. అన్న పారేస్తూ పోయాడు. ఒక ఆట మాత్రం నాకు బాగా గుర్తు.

నా చేతిలో ఏడూ ఎనిమిదీ. నాలుగుకు పెంచాను. అన్న సరిపెట్టాడు. మధ్యలో రాజు, తొమ్మిది, నాలుగు పడ్డాయి. అన్న పందెం వెయ్యకుండా బల్ల తట్టి ఊరుకున్నాడు, నేను రెండు వేశాను, అతనూ వేశాడు. తర్వాత ఆరు. నాకు సీక్వెన్స్ కలిసే దారి తెరుచుకుంది, నాలుగు వేశాను. అతనూ నాలుగు వేశాడు. ఆఖరున రెండు పడింది. నాకు ఏమీ కలవలేదు. చేతిలో జత కూడా లేదు. అయినా నాలుగు వేశాను, అన్న ఏం చేస్తాడో నాకు తెలుసు కాబట్టి.

మధ్యలో ఇరవై నాలుగు గింజలున్నాయి. చూడటానికి నాలుగు. ఏడుసార్లలో ఒక్కసారి గెలిచినా నష్టం లేని బేరం. అన్న చాలాసేపు రాజు వైపు చూశాడు. తర్వాత ముక్కలు వెల్లకిలా పరిచాడు. తొమ్మిది, జాకీ.

"తొమ్మిదుల జత. రాజు పడింది గదా, నీ దగ్గరుంటది. డ్రాప్."

నేను అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. నా ముక్కల్ని పేకలో కలిపేశాను. ఆ తర్వాత ఎంతోసేపు సాగలేదు.

"అన్నా, నీ చేతికి ముక్క పడదే! దిష్టి తియ్యాలె ఆ చేతికి," అన్నాడు కరీంనగర్ కుర్రాడు. అందరికంటే ముందు అన్నే నవ్వాడు. "నిజమేరా," అన్నాడు.

గదిలోకి నా పరుపు మార్చడానికి సాయం పట్టింది కూడా అతనే. తర్వాత వారాల్లో అతను ఇస్త్రీ బల్లను లాండ్రీలో వేసుకుని దాని మీద పుస్తకాలు పెట్టి చదివేవాడు. సబ్జెక్టు తప్పింది. గది ఉంటే పాసయ్యేవాడని నేను చెప్పలేను. అలా చెప్తే అది కూడా ఇంకో కట్టుకథే అవుతుంది. ఎక్కువ మార్కుల తేడాతో తప్పలేదని మాత్రం నాకు తెలుసు. ఆ కోర్సు వదిలేసి, మెల్‌బోర్న్‌లో వాళ్ళ చుట్టాల దగ్గరికి వెళ్ళి చిన్న కోర్సు ఒకటి చేసి, ఆఫీసు ఉద్యోగంలో కుదురుకున్నాడు.

కొన్నేళ్ళకు నాకు మెల్‌బోర్న్‌లో ఉద్యోగం వచ్చింది. ఇల్లు దొరికేదాకా నన్నూ నా భార్యనూ తన ఇంట్లో పెట్టుకున్నది ఆ అన్నే. అప్పుడే ఒకటి గమనించాను. ఆఫీసులో పై ఉద్యోగానికి అప్లై చెయ్యమని వదిన పోరుతుంటే, "నా చేతికి పడదులే" అనేవాడు. ఇల్లు వేలంలో కొనడానికి వెళ్ళి చెయ్యి ఎత్తకుండా వచ్చేవాడు. "నా చేతి సంగతి తెలుసు గదా" అని నా వైపు చూసి నవ్వేవాడు. సరదాకి అంటున్నాడని నేను సరిపెట్టుకున్నాను. అలా అనుకోవడం నాకు వీలుగా ఉండేది. మళ్ళీ ఎవరింట్లోనైనా నలుగురు చేరితే ఆ గది కథ చెప్పేవాణ్ణి.

కిందటేడు అన్న కూతురు పన్నెండో క్లాసు పూర్తి చేసింది. క్రెయిగీబర్న్‌లో వాళ్ళింట్లో శనివారం అర్వో, అంటే మధ్యాహ్నం, బార్బీ. పాయింట్ కుక్‌లోని మా ఇంటి నుంచి రింగ్ రోడ్డు మీద ఈడ్చుకుంటూ మేం వెళ్ళేసరికి అన్న చికెన్ తిప్పుతున్నాడు. కొత్తగా పరిచయమైన ఒకాయన, "మీరేదో పేకాట కథ భలే చెప్తారటగా?" అని కదిపాడు. నేను మొదలుపెట్టాను. 'నీ చేతికి ముక్క పడదే' దగ్గర అందరూ పగలబడి నవ్వారు. అన్న కూతురు కూడా.

"దట్స్ సో డాడ్," అంది.

ఆ అమ్మాయికి చిన్నప్పటి నుంచీ ఇళ్ళ బొమ్మలు గియ్యడం పిచ్చి. "యూని అప్లికేషన్‌లో ఆర్కిటెక్చర్ మొదట పెట్టావా అమ్మా?" అని అడిగాను.

"నో అంకుల్, తీసేశా. ఇంటర్వ్యూ ఉంటుంది, సో మెనీ పీపుల్ అప్లై. వీ డోంట్ గెట్ దోజ్ థింగ్స్. డాడ్స్ హ్యాండ్, యూ నో." నవ్వుతూనే అంది.

"మనకెందుకులేమ్మా అంత పెద్దవి," అన్నాడు అన్న, పటకారుతో ముక్కలు తిప్పుతూ. "వచ్చేదేదో వచ్చుద్ది."

"ఇంకా మార్చుకోవచ్చా?" అన్నాను.

"బుధవారం దాకా టైముంది అంకుల్. బట్ వై?"

నేను చెప్పుకుని నవ్వించిన అబద్ధం ఆ పిల్ల దాకా వచ్చేసింది. ఇక ఆగలేదు. నవ్వేవాళ్ళను అక్కడే వదిలేసి, బార్బీ దగ్గరికి వెళ్ళి, అన్నకు మొత్తం చెప్పాను. తొమ్మిదిమంది ఆటేమిటో, ముగ్గురి ఆటేమిటో, అతను పరిచి చూపించిన ముక్కల నుంచి నేను ఏం నేర్చుకున్నానో, ఆ రోజు నా చేతిలో జత కూడా లేదనీ. ఆ అమ్మాయి ప్లేటు పట్టుకుని పక్కనే నిలబడి వింది. తెలుగులో చెప్పినా ఆమెకు అర్థమవుతుంది.

అన్న గ్యాస్ తగ్గించాడు. "అయితే నేను బాగానే ఆడానంటావా?"

"లేదన్నా. తప్పే ఆడావు. నేను నేర్పిన తప్పు. టబ్ కడుగుతూ నువ్వు అడిగావు, నీ ఆట బాగుందన్నాను."

"నాకు గుర్తులేదు తమ్ముడూ."

"నాకుంది."

"గది కోసమా?"

"గది కోసమే."

అన్న పటకారు పక్కన పెట్టాడు. కూతురే అడిగింది. "సో ఇట్ వాజంట్ లక్?"

"కాదమ్మా. అదృష్టానికి దీంతో సంబంధం లేదు," అన్నాను. తర్వాత అన్న వైపు తిరిగాను. "నీ చేతిలో ఏ లోపమూ లేదన్నా, ఎప్పుడూ లేదు. అడిగినప్పుడు నీకు నిజం చెప్పలేదు. తర్వాత ఇన్నేళ్ళూ నిన్ను చూపించి అందర్నీ నవ్వించాను. అది మొదటి తప్పుకంటే పెద్దది. నన్ను క్షమించు." అతని కూతురికి కూడా, ఈసారి ఆమె భాషలో, అదే మాట చెప్పాను.